టాపు తెరిచిన ఊరేగింపు

కాఫీ గ్లాసు చేతికి రాకముందే హనుమయ్యకు కోపం వచ్చింది. అందులో వింతేమీ లేదు. నరసరావుపేటలో ఆయనకు కోపం రాని పూట కావాలంటే పంచాంగం తిరగేయాలి. ఆ నోటి దురుసు వల్లే పోయిన ఎన్నికల్లో మిర్చి వ్యాపారుల సంఘం అధ్యక్ష పదవిని సొంత అక్క మొగుడు సుందరరావు ఎగరేసుకుపోయాడు. ఈసారీ బావే గెలిస్తే బజారులో తలెత్తుకోలేడు. అందుకే పోలింగు రోజున ఊరు నోరెళ్లబెట్టేలా వెళ్లాలని, హైదరాబాదు నుంచి టాపు తెరుచుకునే ఎర్రటి ఇటలీ కారు అద్దెకు తెప్పించాడు. అందులో నిలబడి దండాలు పెడుతూ పోవాలని ఆయన ఆలోచన.

తీరా చూస్తే రెండే సీట్లు.

"ట్రాక్టరు మడ్‌గార్డు మీదే నలుగురు కూర్చుంటారు కదరా! ఇంత బండికి రెండు సీట్లేంది?" అని డ్రైవరు మన్సూర్ మీద విరుచుకుపడ్డాడు.

"ఇది స్పీడు బండి సార్. ఎనిమిది సిలిండర్లు. సున్నా నుంచి వందకు మూడున్నర సెకన్లు!" అన్నాడు మన్సూర్ మురిసిపోతూ. మీట నొక్కగానే టాపు లేచి, మడతపడి, వెనక డిక్కీలోకి దిగిపోయింది.

చోటు దక్కని భార్య మహాలక్ష్మి మూతి ముడుచుకుంది. "నేనెటూ పనికిరాను. గెలిచాక కొట్టే కొబ్బరికాయలన్నా, కప్పే శాలువాలన్నా వెంట ఉండొద్దా?" అని ఓ బస్తా తెచ్చి, మన్సూర్ అద్దం తుడుచుకుంటుండగా, డిక్కీ తెరిచి మడత టాపు మీదే కుక్కేసింది.

బండి బయల్దేరింది. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా మన్సూర్ ఆగి, మీట నొక్కి, బండి మూతిని పైకి లేపి, నిండు గర్భిణిని నడిపించినట్టు దాటిస్తున్నాడు. సైకిళ్లు ముందుకు పోతున్నాయి. హనుమయ్యకు ఒళ్లు మండిపోయింది.

"వంద సంగతి తర్వాత. ముందు ఆ గేదెను దాటించరా!"

గేదెను దాటేసరికి సుందరరావు ఇంటి ముందు అక్క అంకమ్మ నిప్పుల మూకుడుతో రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. మొగుడి మీద పోటీ అయితే మాత్రం, ఎత్తుకుని పెంచిన తమ్ముడు తమ్ముడే.

"ఆగరా! ఊరి కళ్లన్నీ నెత్తిన పెట్టుకుని పోతావా?" అని ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. గాలి పొగను అవతలికి కొడుతోంది. ఎవరికీ తుమ్ము రాలేదు. మిరపకాయ మాడినా ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టే లెక్క. అంకమ్మ గుండెలు బాదుకుంది.

"ఓరి నాయనో! ఎంత దిష్టిరా నీకు!"

"గాలి అటు కొడుతుంటే ఘాటెట్టా వస్తదే అక్కా! అవతల పోలింగు అయిపోతోంది, జరుగు!"

"నోర్ముయ్!" అని అంకమ్మ లోపలికెళ్లి చేటెడు మిరపకాయలు తెచ్చి మూకుట్లో గుమ్మరించింది. సరిగ్గా అప్పుడే గాలి తిరిగింది.

పొగంతా వచ్చి తెరిచిన కారులో దిగింది. హనుమయ్య కళ్లు పేలిపోయినంత పనయింది.

"టాపు మూయరా!"

మన్సూర్ మీట నొక్కాడు. బండి కీచుమంది గానీ టాపు కదల్లేదు. "డిక్కీల ఏందో అడ్డమున్నది సార్! తీస్తేగానీ లేవదు!"

"ఏమే మహాలక్ష్మీ!" అని ఇంటి దాకా వినపడేలా అరిచాడు హనుమయ్య. ఆ అరుపుతో పొగంతా గొంతులోకి పోయి మాట పడిపోయింది. అంకమ్మ పక్కకు తప్పుకోగానే మన్సూర్ ముందున్న ఖాళీ రోడ్డు చూసి కాలు నొక్కాడు. మూడున్నర సెకన్ల మాట అబద్ధం కాదని హనుమయ్య వెన్నుపూసకు తెలిసొచ్చింది. దగ్గు ఆగకముందే సంఘం ఆఫీసు వచ్చేసింది.

మెట్ల మీద సుందరరావూ సభ్యులూ నిలబడి ఉన్నారు. హనుమయ్య కళ్లూ ముక్కూ ధారలు కడుతుండగా దిగాడు. నీళ్ల కోసం రెండు చేతులూ చేర్చి దోసిలి పట్టాడు. అందరూ అది దండమనుకున్నారు. 'నీ పెళ్లామే నన్ను చంపబోయింది' అని బావను నిలదీయబోయాడు. మాట పెగల్లేదు. ఉక్రోషంతో గుండె మీద గుద్దుకున్నాడు. దగ్గు తెరకు వంగిపోయి సరాసరి బావ కాళ్ల దగ్గర పడ్డాడు.

"హనుమయ్యేనా ఈయన? చానా మారాడే!" అన్నారు సభ్యులు.

సుందరరావు కరిగిపోయాడు. "లేవరా బామ్మర్దీ! ఇంత కుమిలిపోతన్నావని తెలవలేదురా. నాకెందుకీ కుర్చీ? మీ ఓట్లన్నీ వీడికే వెయ్యండయ్యా!"

అది కాదురా అన్నట్టు హనుమయ్య కోపంగా తల అడ్డంగా ఊపాడు.

"వద్దంటున్నాడు చూడండి! ఎంత వినయం!" అని ఒక్క ఓటు బయటికి పోకుండా గెలిపించి, మెడలో దండ వేసి కుర్చీలో కూర్చోబెట్టారు.

చెంబెడు మజ్జిగ లోపలికి పోయాక కొత్త అధ్యక్షుడి గొంతు విచ్చుకుంది. పొద్దుటి నుంచీ కడుపులో కుక్కుకున్నదంతా కక్కాడు. బావతో మొదలుపెట్టి, తను కాళ్లమీద పడ్డాడనుకున్న ప్రతివాడినీ పేరు పేరునా, వంశంతో సహా తిట్టాడు.

అధ్యక్షుడి పదవీకాలం ఎంతని వెనక వరసలో ఎవరో మెల్లగా అడిగారు. మూడేళ్లని తెలిశాక అందరూ కళ్లు తుడుచుకున్నారు.