లిఫ్టులో ఛందస్సు

ఆ ఉదయం తెలుగు లెక్చరర్ వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి కాలేజీలో ప్రిన్సిపల్ ఎదుట ఒక గేయం మీద పాఠం చెప్పాలి. మెప్పిస్తే ఏళ్ల తరబడి తాత్కాలికంగా వేలాడుతున్న ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ ప్రిన్సిపల్ ఉండేది ఇదే భవనం పై అంతస్తులో.

కూరగాయల సంచీతో అత్తగారూ, పుస్తకంతో ఆయనా లిఫ్టెక్కారు. తలుపు పడగానే ఆయన కళ్లు మూసుకుని, ఇనుప గోడ మీద లఘువుకి మెల్లగా, గురువుకి గట్టిగా దరువేస్తూ గొంతెత్తాడు.

"తలుపు తియ్యవే, తలుపు తియ్యవే
వలపు వానలో తడిసిపోతినే"

కింద వాచ్‌మన్ చెవిన దరువూ, మొదటి పాదమూ పడ్డాయి. ఎవరో ఇరుక్కుపోయారని పరుగెత్తి మెయిన్ స్విచ్ కట్టేశాడు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది.

"బాబూ, తలుపు తియ్యి," లెక్చరర్ ఈసారి వచనంలో అరిచాడు.

"ఇందాకట్నుంచీ అదేగా అంటున్నారు. మెకానిక్ వస్తున్నాడు లెండి."

రెండో పాదం మొదటి అంతస్తు ఇల్లాలి చెవిన పడింది. ఆవిడ వెళ్లి లెక్చరర్ భార్యతో, "మీ ఆయన లిఫ్టులో ఎవర్నో వలపు వానలో తడిశానని బతిమాలుకుంటున్నాడమ్మా," అంది.

భార్య గరిటెతోనే దిగొచ్చింది. "లోపల మీతో ఎవరున్నారు?"

"మీ అమ్మ."

మెట్ల మీద చేరిన జనం ఇంకో మెట్టు దగ్గరికి జరిగారు.

"నేనూ హడలిపోయానే," అంది లోపల్నుంచి అత్తగారు.

పరువు దక్కాలంటే పాఠం చెప్పక తప్పలేదు. "అది గేయమే. మూడు మాత్రలు, అయిదు మాత్రలు, నడక చూడు," అంటూ ఆయన మళ్లీ దరువేశాడు. "తలుపు, వలపు... రెండో అక్షరం లకారమే, అది ప్రాస."

"ఒకే ముక్క రెండుసార్లెందుకు?" అంది భార్య.

"ఒకసారి అడిగితే అవసరం. రెండోసారి అడిగితే ఆరాటం."

"మరి మా అమ్మాయి రెండోసారి చెబితే సణుగుడంటారేం, అల్లుడుగారూ?"

మెట్లన్నీ ఘొల్లుమన్నాయి. మెకానిక్ తలుపు తెరిచేసరికి పదిన్నర. ఎదురుగా పై మెట్టు మీద కూచుని ప్రిన్సిపల్ కళ్లు తుడుచుకుంటున్నాడు.

"సార్, టైం దాటిపోయింది," లెక్చరర్ నీరుగారిపోయాడు.

"లిఫ్టు లేక మెట్లు దిగుతూ, మీ గొంతు విని నేనూ ఇక్కడే ఆగాను. పాఠం మొత్తం విన్నాను. ఉద్యోగం మీదే."

వారం తిరక్కుండా లిఫ్టు నిజంగానే చెడింది. లోపల్నుంచి లెక్చరర్ ఎంత అరిచినా, వాచ్‌మన్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూచుని, "ఇవాళ పాటలో ఆరాటం బాగా పలికింది," అన్నాడు.