రజని వెంట నడిచిన వైఫై

గంభీరావుపేట పక్కనున్న మా ఊళ్ళో ప్రతి ఇంటికీ, ప్రతి దుకాణానికీ ఉచిత వైఫై ఇచ్చేశామని డిజిటల్ వికాస కమిటీ చైర్మన్ వేణు గారు మైకులో ప్రకటించారు. మాకెవరికీ తెలియకుండానే ఇచ్చేశారంటే ఎంత నిరాడంబరులో చూడండి!

పంచాయతీ గోడకు తెల్లటి డబ్బా ఒకటి బిగించారు. మరమగ్గాల సంజీవ్ దాన్ని కిందా మీదా చూసి ఉండబట్టలేక అడిగాడు.

"అన్నా, గిది నడుస్తదా? కరెంటు వైరు సుత లేదు."

"వైర్‌లెస్ అన్నంక వైరు ఏడికెళ్లి వస్తది?" అన్నారు వేణు గారు. సాంకేతిక విషయాన్ని ఇంత సూటిగా చెప్పగల నాయకుడు దొరకడం మా అదృష్టం.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారని తెలిశాక, బట్టలు కుట్టే రజని ఇంటికి వేణు గారు స్వయంగా వెళ్ళారు. ఊళ్ళో ఖరీదైన ఫోను ఆమెదే. భర్త రంజిత్ షార్జా నుంచి పంపాడు.

"చెల్లె, పంచాయతీ కాడికొచ్చి జర నీ హాట్‌స్పాట్ ఆన్ చెయ్. పేరు 'మన ఊరి వైఫై' అని పెట్టు."

"ఇయ్యాల మా ఆయన ఫోన్ చేస్తడన్నా. బిడ్డ నడుస్తున్నది, సూపెట్టాలె."

"గంతల అయిపోతది తియ్."

మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి, ఫోన్లో తన ప్రసంగమే పెట్టుకుని చూశారు. "స్పీడ్ బ్రహ్మాండం!" అన్నారు. రెండోసారి చూస్తుండగా షార్జా నుంచి కాల్ వచ్చింది. పాప ఇంట్లో ఉంది. రజని ఫోను పట్టుకుని ఇంటివైపు గబగబా నడిచింది.

మంత్రిగారి వీడియో ఆగిపోయింది. "ఏందయ్యా, పోయింది?"

వేణు గారు తడుముకోలేదు. "పోలే సార్. మొబైల్ నెట్‌వర్క్ గదా, కదులుతది."

మంత్రిగారు లేచి దాని వెంట నడిచారు. ఆయన వెనక అధికారులు, పోలీసులు, డప్పులవాళ్ళు. చాయ్ గ్లాసుతో నేనూ వెళ్ళాను.

రజని ఇంట్లో ఫోను మీద రంజిత్ ముఖం ముక్కలు ముక్కలుగా ఉంది. వచ్చినవాళ్ళంతా అదే వైఫై వాడుతున్నారు మరి.

"సారూ, జర మీ ఫోన్లు బంద్ చేయుండ్రి. బిడ్డ నడిచేది దాని నాయిన సూడాలె."

మంత్రిగారు ప్రజల గోడు వినే మనిషే. కాని అప్పుడు తన ప్రసంగంలో చప్పట్ల దగ్గరున్నారు. రజని హాట్‌స్పాట్ ఆపేసింది. చప్పట్లు ఆగిపోయాయి. రంజిత్ ముఖం తేటపడింది. పాప తప్పటడుగులేస్తూ వెళ్ళి మంత్రిగారి పంచె పట్టుకుంది.

"నడిచింది! నా బిడ్డ నడిచింది!" షార్జాలో రంజిత్ ఏడ్చాడు.

మంత్రిగారు వినయంగా చేతులు జోడించి అతని అభినందనలు స్వీకరించారు.

తరువాతి వారం రజని పాపను తీసుకుని ఎల్లారెడ్డిపేటలోని తల్లిగారింటికి వెళ్ళింది. మర్నాడు పేపర్లో వేణు గారి ఫోటోతో వార్త వచ్చింది: 'ఎల్లారెడ్డిపేటకూ ఉచిత వైఫై విస్తరణ.'