సొంత మిల్లుకు తాళం

"విప్లవం నిన్న సాయంత్రం నాలుగున్నరకు విజయవంతంగా పూర్తయింది. ఇకపై ఎవరూ చేయనవసరం లేదు" అని మంత్రిగారు ప్రకటించారు.

ఆ వాక్యం టైపు చేసిన భాగ్యం నాదే. 'విప్లవం: స్వరూపం, కారణాలు, సమర్థన' అని ఆయన రాసిన నాలుగు వందల పేజీల గ్రంథం కూడా నేనే టైపు చేశాను. సమర్థన అధ్యాయం దగ్గర కళ్లు చెమర్చాయి. మెడ కూడా పట్టేసింది.

మంత్రిగారి అక్కయ్య నూలు మిల్లులో పనిచేస్తుంది. పాత ప్రభుత్వం తమ్ముణ్ని జైల్లో పెట్టినప్పుడు వారం వారం భోజనం క్యారేజీ మోసిన మనిషి. ప్రకటన వచ్చిన మర్నాడు జుట్టు నిండా దూదితో తిన్నగా మంత్రిగారి గదిలోకి వచ్చేసింది.

"తమ్ముడూ, షిఫ్టు మొదలవగానే మిల్లుకి బయట తాళం వేసేస్తున్నార్రా. నిన్న ఓ పిల్ల ఊపిరాడక పడిపోయింది. తాళం తీసేసరికి అరగంట పట్టింది."

"అక్కా, ఆ మిల్లు ఇప్పుడెవరిది?"

"మాదే అన్నావుగా."

"మరి? మీ ఆస్తి మీరే ఎత్తుకుపోకుండా వేశాం."

రాజకీయార్థికశాస్త్రాన్ని ఇంత సూటిగా చెప్పగలిగినవారిని నేను మరొకరిని చూడలేదు.

"అయితే సమ్మె చేస్తాం" అంది అక్కయ్య.

"సొంత మిల్లులో సమ్మేంటే? ఎవరి మీద?"

"మా మీద మేమే చేసుకుంటాం. మధ్యలో నీకేంటి?"

మంత్రిగారు పెద్ద మనసుతో ఓ కమిటీ వేశారు. కమిటీ మూడు కార్లలో మిల్లుకు వెళ్లింది. తాళం వేసి ఉండటంతో లోపలికి వెళ్లలేకపోయింది. 'లోపలి నుంచి ఎలాంటి ఫిర్యాదూ వినపడలేదు' అని నివేదిక ఇచ్చింది.

సోమవారం ఇంకో పిల్ల పడిపోయింది. ఈసారి నురగ కక్కింది. అక్కయ్య గొంతు పోయేదాకా అరిచింది. ఎవరూ రాలేదు. తమ్ముడి గ్రంథంలో ఒక మాట ఆవిడకు నోటికొచ్చు: 'తట్టినా తెరవని తలుపును పగలగొట్టడం ప్రజల హక్కు.' యంత్రం కడ్డీ ఒకటి ఊడదీసి తలుపు బద్దలు కొట్టింది. రెండు వందల మంది ఆడవాళ్లు ఆ పిల్లను చేతుల మీద మోసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. పిల్ల బతికింది. అక్కయ్యను పోలీసులు పట్టుకుపోయారు.

కబురు విని మంత్రిగారు కుర్చీలో కూలబడ్డారు. కాసేపు అసలు మంత్రిలాగే లేరు.

"క్యారేజీ అడుగు గిన్నెలో ఉత్తరాలు దాచి తెచ్చేదయ్యా నాకు. దొరికితే అక్కకీ జైలే" అన్నారు.

నేను రుమాలు అందించాను. ముక్కు చీదుకుని మళ్లీ మంత్రి అయ్యారు.

"ఏ సెక్షన్ పెట్టారు?"

"అప్పట్లో తమరి మీద పెట్టిందేనండి. రాజద్రోహం."

"దాన్ని మొదటిరోజే రద్దు చేశాం కదయ్యా!"

"రద్దు చేస్తున్నామని సభలో చెప్పారండి. కాగితం మీద తమరి సంతకం ఇంకా పడలేదు. ఇదుగోనండి ఫైలు. ఇప్పుడు పెట్టేస్తే అక్కయ్యగారు సాయంత్రానికి ఇంట్లో ఉంటారు."

మంత్రిగారు కలం మూత తీశారు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. చాలాసేపు చూశారు.

"ఇంకా సంతకం పెట్టకపోవడం ఎంత అదృష్టమయ్యా" అని మూత పెట్టేశారు.