ముప్ఫై ఏడు అమృతం సీసాలు

ఆటలో అమృతం సీసా దొరికితే తాగకూడదు. దాచాలి! ఒళ్లంతా గాయాలైనా, కత్తి విరిగినా, ఎదురుగా మూడు తలల పాము నోరు తెరిచినా సరే, దాచాలి. దాచినవాడే ధన్యుడని నేను ఘంటాపథంగా చెబుతున్నాను.

నవ్వకండి. అనుభవంతో చెబుతున్నాను. నేను ఇంటర్ చదివే రోజుల్లో వచ్చిన ఒక పాత కంప్యూటర్ ఆటను, ఇక్కడ అమెరికాలో, మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో కూర్చొని, నాలుగు నెలలుగా శని ఆదివారాలు ఆడుతున్నాను. స్నానం, పూజ ముగిశాకే మౌస్ ముట్టుకుంటాను.

ఈ కాలం ఆటలు మీకు తెలుసు కదా? దెబ్బ తగిలితే కాసేపు గోడ చాటున నిలబడితే చాలు, గాయం దానంతటదే మానిపోతుంది. అందులో భయం ఎక్కడుంది? భక్తి ఎక్కడుంది? పాత ఆట అలా కాదు. నలుగురు వీరులు, ఒకటే సంచి. పేర్లు మనమే పెట్టుకోవాలి. కత్తి పట్టినవాడికి నా పేరు పెట్టాను, ఫణి అని. గాయాలు మాన్పే వైద్యురాలికి మా ఆవిడ నమ్రత పేరు, మంత్రాలు వేసే పిల్లకు మా అమ్మాయి సంహిత పేరు, విల్లు పట్టినవాడికి ఇదే దేశంలో షామ్‌బర్గ్ ఊళ్లో ఉండే మా స్నేహితుడు రాఘవులు పేరు.

అమృతం ఒక్క గుటక పడితే పోయే ప్రాణం మొత్తం తిరిగొస్తుంది. అంగట్లో దొరకదు. ఏ గుహ చివరో, ఏ పెట్టె అడుగునో ఒకటి కనిపిస్తుంది. అలాంటిదాన్ని దారిలో ఎదురైన తోడేలు కోసం వాడేస్తామా? చివరి రాక్షసుడు ఉన్నాడు కదా!

అసలు ఈ నిగ్రహం మనవాళ్లకు ఆటలు నేర్పాలా? మా రాఘవులునే చూడండి. సోఫా మీది ప్లాస్టిక్ కవర్ తీయలేదు. గ్రీన్ కార్డు వచ్చాక తీస్తాడట. భార్య వాయించే వీణ పెట్టెలోంచి బయటికి రాలేదు. గ్రీన్ కార్డు వచ్చాక వాయిస్తుందట. కూతురు నిధి ఆరేళ్లప్పుడు పిల్లిని పెంచుకుంటానంది. "గ్రీన్ కార్డు రానీ తల్లీ" అన్నాడు. నిధి కాలేజీకి వెళ్లిపోయింది. పిల్లికి పేరు మాత్రం సిద్ధంగా ఉంది!

నేనూ తక్కువవాణ్ణి కాదు. మా అత్తగారు టేకుతో చేయించి పంపిన పూజా మందిరం తొమ్మిదేళ్లుగా అట్టపెట్టెలో, సోఫా వెనక ఉంది. సొంత ఇల్లు కొన్నాక, ఈశాన్యం మూల పూజగదిలో పెడదామని నా సంకల్పం. ఇల్లు ఎప్పుడంటారా? ఇంకెప్పుడు, గ్రీన్ కార్డు వచ్చాక! అంతవరకు దేవుళ్లు తాత్కాలికంగా, చలికోట్లు తగిలించే కోట్ క్లోజెట్‌లో ఉన్నారు. స్వామికి ఎడమ పక్క నా స్నో జాకెట్, కుడి పక్క సంహితది. అగరుబత్తి వెలిగిస్తే స్వామి కంటే ముందు స్మోక్ అలారం పలుకుతుంది.

ఏటా ఉగాదికి నమ్రత అడుగుతుంది. "ఏమండీ, ఈసారైనా ఆ పెట్టె విప్పుదామా? హాల్లో కిటికీ పక్కన చక్కగా సరిపోతుంది."

అక్కడ నా కంప్యూటర్ టేబుల్ ఉంది. "ఇన్నాళ్లు ఆగాం, ఇంకెంత?" అంటాను.

పోయిన శనివారం మధ్యాహ్నం చివరి రాక్షసుడి ముందుకు చేరాను. సంచిలో ముప్ఫై ఏడు అమృతాలు! చూద్దురుగాని రమ్మని ఇద్దరినీ పిలిచాను.

రాక్షసుడు నిప్పులు ఊదాడు. వైద్యురాలి ప్రాణం ఎర్రగీతకు పడిపోయింది.

"నాన్నా, అమ్మకి అమృతం ఇవ్వు! క్విక్!" అంది సంహిత.

"ఆగమ్మా. ముందుముందు ఇంకా పెద్ద దెబ్బ ఉంటుంది."

"నో నాన్నా! ఇదే లాస్ట్ బాస్. ఇంక ఎవరూ రారు!"

"ఏమో! వీడి వెనక ఇంకొకడు ఉంటే?"

వైద్యురాలు కూలిపోయింది. మరో రెండు దెబ్బలకు రాక్షసుడూ కూలాడు. వాడి వెనక ఎవరూ లేరు. బాకాలు మోగాయి. ముగ్గురు వీరులు రాజుగారి ముందు వరసగా నిలబడ్డారు. నాలుగో చోటు ఖాళీగా ఉంది.

నమ్రత తెర మీది ఆ ఖాళీ చోటును వేలితో చూపించింది. "సంచిలో ముప్ఫై ఏడు పెట్టుకొని నన్ను చంపుకున్నారన్నమాట! మరి అవన్నీ ఇప్పుడు ఎవరు తాగుతారండీ?"

నవ్వుతూనే అంది. అని, పొయ్యి మీది పప్పు చూడడానికి వెళ్లిపోయింది. సీసాలు ఉన్నాయి, ఆట అయిపోయింది.

సాయంత్రం దీపం పెట్టడానికి క్లోజెట్ తెరిచాను. జాకెట్ చేతులు పక్కకు జరిపితే స్వామి కనిపించాడు. గ్రీన్ కార్డు క్యూలో మాకంటూ ఒక తేదీ ఉంది. మరి ఈయన ఏ క్యూలో ఉన్నట్టు? మమ్మల్ని నిలబెట్టింది ప్రభుత్వం. ఈయన్ని నిలబెట్టింది ఎవరు?

అయినా నా వాదనలో మార్పు లేదు! దాచడం గొప్ప గుణమే. కాకపోతే ఇప్పుడు మందిరం కిటికీ పక్కన ఉంది, నా కంప్యూటర్ కోట్ క్లోజెట్‌లో ఉంది. జాకెట్ చేతులు చెవులకు తగులుతుండగా ఆటను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

తొలి ఊరు దాటగానే ఒక గబ్బిలం వైద్యురాలి వేలు కొరికింది. పెద్ద గాయమేమీ కాదు. సంచిలో ఉన్నది ఒకే ఒక్క అమృతం సీసా.

తాగించేశాను.