దర్జీకి దొరకని కొలత

వీధిలో ఎవరి నడుమెంతో చూపుతోనే చెప్పగల దర్జీ నెల రోజులుగా నిలబడే కాజాలు కుడుతున్నాడు. మిషను ముందు కూర్చుంటే ప్రాణం జివ్వుమంటోంది. అంతా సైకిలు సీటు మహిమ.

సైకిలు చనిపోయిన అన్నయ్యది. ఆ సీటు అన్నయ్యకే అమరింది. తమ్ముణ్ణి ఒప్పుకోలేదు.

"ఆదివారంలోగా మీకు సరిపడే సీటు కుదరకపోతే సైకిల్ని పాతసామాన్ల బండి ఎక్కించేస్తాను," అంది భార్య.

అప్పటికే ఆమెకి తెలియకుండా మూడు సీట్లు కొన్నాడు. ఒకదాన్ని మించి ఒకటి మెత్తన. మూడోదైతే అచ్చం పరుపే. ఎక్కినవాడు దిగబడిపోతే బయటికి లాగడానికి ఇద్దరు కావాల్సొచ్చింది. మూడూ బీరువా వెనక చేరాయి.

శనివారం సైకిల్ షాపు పెద్దాయన గుట్టు విప్పాడు. "మెత్తదనం కాదయ్యా, వెడల్పు చూడు. కూర్చుంటే కింద ఆనే ఎముకలు రెండుంటాయి. పిండి మీద కూర్చో. రెండు గుంటలు పడతాయి. వాటి మధ్య దూరం కొలుచుకు రా."

ఆదివారం భార్య సంచి పట్టుకుని అటు బజారుకి వెళ్లగానే, ఇటు వంటింట్లో పళ్లెం నిండా పిండి పరిచి, నల్ల ప్యాంటుతో దాని మీద ఆసీనుడయ్యాడు.

తలుపు తెరుచుకుంది.

"ఏం చేస్తున్నారు?"

"పిండిలో పురుగులున్నాయేమో చూస్తున్నా."

"కూర్చునా? కళ్లు అక్కడికెప్పుడు దిగాయండీ?"

గాభరాగా లేచాడు. పళ్లెం బోర్లాపడింది. కొలతా పోయింది, ఇక సైకిలూ పోయినట్టే. "ఇంకొక్క రోజు గడువియ్యవే..."

ఆమె మిషను ముందున్న స్టూలు దగ్గరికి నడిచింది. దాని మీది స్పాంజి దిండులో, పద్దెనిమిదేళ్లు అతను కూర్చున్న చోట, రెండు గుంటలు. టేపు పెట్టి చూపించింది.

"నాలుగున్నర అంగుళాలు. షాపు పెద్దాయన నాకూ చెప్పాడు, నిన్ననే కొలిచాను." సంచిలోంచి కొత్త సీటు తీసింది. "బీరువా వెనకున్న మూడూ ఇచ్చేసి ఇది మార్చుకొచ్చాను."

"ఇంత గట్టిగా ఉందేమే?"

"మెత్తనివాటి సుఖం చూశారుగా! బిగించి ఎక్కండి."

వీధి చివరిదాకా వెళ్లొచ్చాడు. నొప్పి లేదు. అన్నయ్య సైకిలు ఇన్నాళ్లకి తనని కూర్చోనిచ్చింది. సంతోషం పట్టలేక మధ్యమధ్య లేచి నిలబడి తొక్కాడు. వెనకనుంచి చప్పట్లు కూడా వినిపించాయి.

"చూశావా, వీధంతా ఎంత మురిసిపోయిందో! నిజంగా అమ్మేసేదానివా?"

"బావగారి సైకిల్ని నేనమ్ముతానా? ముందు ప్యాంటు వెనక దులుపుకోండి. ఆ రెండు తెల్లమచ్చలతో మీ కొలత వీధిలో అందరికీ కంఠతా వచ్చేసింది."