బ్రాన్‌విక్కా, ఓల్డారానా?

ఆ మంగళవారం పొద్దున ఆర్డిస్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చర్చి బేస్‌మెంట్‌లో క్లబ్బు మీటింగు పెట్టాలి. ఎనిమిదిమంది ఆడవాళ్లు పన్నెండేళ్లుగా జామ్ సీసాలు అమ్మి కూడబెట్టిన డబ్బంతా బ్రాన్‌విక్ కంప్యూటర్స్ షేర్లలో పోయాలి. ముప్పై ఏళ్లు దాని మొహం చూడకూడదు. సభ్యుల సగటు వయసు డెబ్బై ఎనిమిది.

అడ్డు ఒక్కటే. ఆడపడుచు సోల్విగ్‌కి ఓల్డారా కంప్యూటర్స్ మీద మనసు. చెరి సగం పెడదామంటే ఇద్దరినీ చెరి సగం అవమానించినట్టవుతుందని ఎవరూ నోరెత్తలేదు. మూడింటికి షేర్ మార్కెట్ మూసేస్తారు; ఇవాళ తప్పితే క్లబ్బు మళ్లీ కూడేది వచ్చే ఏడాదే. క్లబ్బు లెక్కలు చూసే ఇనెజ్, కంప్యూటర్లో కొనే బటన్ మీద వేలు పెట్టుకుని కాచుకుని కూర్చుంది.

అమెరికాలోని ఆ మిన్నెసోటాలో ఎదుటిమనిషి మాట కాదనడం కన్నా కారుతో గుద్దడం చిన్న తప్పు. అందుకని ఆర్డిస్ మర్యాదకి ఓ ముక్క అంది.

"నీ ఓల్డారా కూడా మంచిదేలే వదినా. రెండేళ్లకోసారి చస్తుంది. చచ్చినప్పుడల్లా జనం మళ్లీ కొంటారు. షేర్లున్నవాళ్లకి అంతకన్నా ఏం కావాలి?"

సోల్విగ్ మర్యాదలో తగ్గే మనిషి కాదు. "అబ్బెబ్బే! నీ బ్రాన్‌విక్ ముందు అదెంత? మా ఇంట్లోది పదకొండేళ్లైనా చావలేదు. కంపెనీకి ఒక్క డాలరు అప్పు లేదు."

"అప్పు లేదంటే ధైర్యం లేదనే! ఓల్డారాయే కొందాం."

"నా మీద ఒట్టు, బ్రాన్‌విక్కే!"

అరగంట తిరిగేసరికి ఆర్డిస్ బల్లగుద్ది మరీ ఓల్డారా తరఫున పోట్లాడుతోంది. లోపల మాత్రం గుండె చెరువవుతోంది.

చీటీలు వేశారు. బ్రాన్‌విక్ గెలిచింది. ఓడినవాళ్లు నొచ్చుకుంటారని గెలిచినవాళ్లు మళ్లీ ఓటింగు పెట్టించి ఓల్డారాకి వేశారు. అదే జాలితో ఓడినవాళ్లు బ్రాన్‌విక్‌కి మారారు. గొడవ విని పాస్టరుగారు కిందికొచ్చి, రెండూ దేవుడి బిడ్డలేనని చెప్పి, కాఫీ తాగి వెళ్లారు.

"ఏదో ఒకటి చెప్పండే తల్లీ! వేలు తిమ్మిరెక్కింది," అంది ఇనెజ్.

ఆఖరిసారి చీటీలు విప్పారు. ఎనిమిదింట్లోనూ ఒకటే మాట: "మీ ఇష్టం."

మార్కెట్ మూసేశారు.

ఆ రాత్రి ఆర్డిస్ అన్నం ముద్ద ముట్టలేదనుకునేరు, ఆ ఇంట్లో బంగాళాదుంపలు. అవీ ముట్టలేదు. "ముప్పై ఏళ్ల లాభం మర్యాదకి తగలేశాను," అని మొగుడు హాల్వర్ దగ్గర వాపోయింది.

"అయితే అయిందిలే. మరీ ఘోరమేం కాదు," అన్నాడు హాల్వర్. ఇల్లు కాలిపోయినా అతను అనేది అంతే.

మర్నాడు రేడియోలో వార్త. రెండు కంపెనీలకీ బ్యాటరీలు ఒకే ఫ్యాక్టరీ నుంచి వస్తున్నాయట. కంప్యూటర్ని ఒళ్లో పెట్టుకుంటే అవి అంటుకుంటున్నాయట. అమ్మినవన్నీ వెనక్కి తీసుకోవాలట. మధ్యాహ్నానికి రెండిటి షేర్లూ పావు ధరకి పడిపోయాయి.

ఆర్డిస్ వంటింట్లో నేలమీదే చతికిలబడి, గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది. పన్నెండేళ్ల జామ్ డబ్బు బ్యాంకులో చెక్కుచెదరకుండా ఉంది. ఫోను మోగింది.

"వదినా, నిన్న నువ్వు గెలిచుంటే నిండా మునిగేవాళ్లం!" అంది సోల్విగ్.

"నువ్వు గెలిచినా మునిగేవాళ్లమే!"

ఆ కుటుంబంలో అంత ఘాటుగా మాట్లాడుకోవడం అదే మొదటిసారి. సాయంత్రానికి ఇద్దరూ ఒకరికొకరు క్షమాపణ చెప్పుకున్నారు.