తయారీలోనే లోపం

ఆ రెండో శనివారానికి గురునాథం పెట్టుకున్న పని ఒక్కటే. అయిదు కిలోల ఎండుమిరపకాయలు మిల్లుకు తీసుకెళ్ళి కారం పట్టించుకురావాలి. భార్య బాలత్రిపురసుందరి వాటిని మూడు రోజులు మేడ మీద ఎండబెట్టి, తొడిమలు తీసి, సంచికెత్తి కారు వెనక సీట్లో పెట్టేసింది. "ఎనిమిదింటికల్లా బయలుదేరండి, తరవాత మిల్లు దగ్గర నిలబడలేరు" అని రెండుసార్లు చెప్పింది కూడా. కాఫీ వచ్చేలోపు చదువుదామని ఆయన ముందురోజు కొరియర్‌లో వచ్చిన కవరు చించాడు. అంతటితో ఆయన మనశ్శాంతి అయిపోయింది.

ఉత్తరం కారు కంపెనీది. గురునాథం కారు ఇంజిన్‌లోని సాఫ్ట్‌వేర్ పరీక్షల్లో చూపించే పొగ లెక్కకూ, రోడ్డు మీద వదిలే పొగకూ తేడా ఉన్నట్టు తేలిందని, దగ్గరలోని సర్వీసు సెంటరుకు తెస్తే ఉచితంగా సరిచేస్తామని, అసౌకర్యానికి చింతిస్తున్నామని అందులో ఉంది. ఇంకొకరైతే మడిచి సొరుగులో పడేసేవారు. గురునాథం గుంటూరులో ఇంటర్ పిల్లలకు ఇరవై తొమ్మిదేళ్ళుగా రసాయన శాస్త్రం చెబుతున్న మనిషి. వాయు కాలుష్యం పాఠం వచ్చినప్పుడు ఆయన గొంతు జీరబోతుందని కాలేజీలో పేరు. నైట్రోజన్ ఆక్సైడ్లు ఊపిరితిత్తుల్ని ఏం చేస్తాయో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పి, ఆ చేతులే కడుక్కుని ఆ కారే ఎక్కి ఇంటికొచ్చేవాడన్నమాట, ఏడాది నుంచీ.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ కారు బజార్లో కొన్నది కాదు. కిందటేడు కొడుకు కార్తిక్ పెళ్ళయిన నెలలోనే, అద్దంకిలో ప్లీడరీ చేసే వియ్యంకుడు ఫణిభూషణం కొత్త కారు తీసుకుంటూ పాతది అమ్ముతుంటే, తెలిసినవాళ్ళ బండి కదా అని గురునాథమే కొనుక్కున్నాడు. అంటే ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి ముందు కోడలు అన్విత, వెనకాలే కారు వచ్చాయి. ఇప్పుడీ సంగతి ఆ పెద్దమనిషికి ఏ ముఖంతో చెప్పడం?

గురునాథం వరండాలో నిలబడి మెకానిక్ అల్లాబక్షుకు ఫోన్ చేశాడు. అల్లాబక్షు ఆయన దగ్గర చదువుకుని కెమిస్ట్రీలో రెండుసార్లు తప్పినవాడు. వాళ్ళుండే బ్రాడీపేటలో చాలామంది కార్ల ఆయుర్దాయం ఇప్పుడు అతని చేతిలో ఉంది.

"అదా మాస్టారూ! దాని మెదడులోనే ఉంది లోపం" అన్నాడు అల్లాబక్షు. "పరీక్ష చేసేటప్పుడు బండిని నిలబెట్టి చక్రాలొక్కటే తిప్పుతారు. స్టీరింగు కదలదు. చక్రాలు తిరుగుతున్నయ్, స్టీరింగు తిరగట్లేదంటే పరీక్షని దానికి తెలిసిపోద్ది. అప్పుడు పొగ అదుపులో పెట్టుకుంటది. రోడ్డెక్కి మలుపు తిరిగిందా, ఇంక దానిష్టం."

సరిగ్గా అప్పుడే అన్విత కాఫీ గ్లాసుతో వరండా గుమ్మం దాకా వచ్చింది. కార్తిక్ ఆఫీసు పని మీద విశాఖ వెళ్ళి నాలుగు రోజులైంది. ఇంట్లో కొంచెం బిక్కుబిక్కుమంటూ ఉన్న పిల్ల. మామగారు ఫోన్‌లో ఉన్నారని ఆగింది. ఆయన వీధి వైపు తిరిగి ఉన్నాడు.

"మోసపోయానురా అల్లాబక్షూ" అంటున్నాడాయన. "అద్దంకి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ దాన్ని మహాలక్ష్మిలా చూసుకున్నాను. పైకెంత నెమ్మదిగా కనిపిస్తుందో! ఎవరైనా గమనిస్తున్నారంటే కనిపెట్టేసి బుద్ధిగా ఉంటుందన్నమాట. వాళ్ళటు తిరగ్గానే అసలు రంగు! ఇక దానిష్టం వచ్చినట్టు తిరుగుతుంది. ఫణిభూషణం గారు తెలిసే నాకు అంటగట్టారంటావా? ఛ, ఛ. ఆయన్నీ మోసం చేసే ఉంటుంది."

ఇన్నాళ్ళూ నోరారా 'అమ్మాయీ' అని పిలిచిన మనిషి 'అది' అంటున్నాడు.

"మెదడు బాగుచేసి పంపిస్తారట, నిజమే. కానీ ఆ తరవాత మందకొడిగా తయారవుతుందంటున్నావుగా, అప్పుడు దాంతో వేగేదెలా? పోనీ వదిలించుకుందామంటే, తెలిసి తెలిసి ఇంకొకరి గొంతు కోయమంటావా? నా ఖర్మ. ఇవాళే తీసుకెళ్ళి వాళ్ళకే అప్పజెబుతాను."

అన్విత కాఫీ గ్లాసు కిటికీలో పెట్టి, చప్పుడు చెయ్యకుండా గదిలోకి వెళ్ళి అద్దంకికి ఫోన్ చేసింది. వెక్కిళ్ళ మధ్య తండ్రికి అర్థమయింది రెండు ముక్కలే: లోపం ఉందన్నారు, పంపించేస్తామన్నారు. తరవాత ఆమె ఫోన్ ఆపేసి, బ్యాగు మంచం మీదకు లాగింది.

గురునాథం కాఫీ సంగతే మరిచిపోయి కారు తీశాడు. సర్వీసు సెంటరు పది నిమిషాల దూరం. ఆయనకు నలభై నిమిషాలు పట్టింది. బ్రాడీపేటంతా లైన్లూ అడ్డరోడ్లూ. ఏ నూరు గజాలకో ఒకచోట మలుపు తిరగక తప్పదు. స్టీరింగు తిప్పితే చాలు, కారు పొగ వదలడం మొదలుపెడుతుందని ఆయన భయం. ఒక మూల చంకలో బిడ్డతో నిలబడ్డ తల్లిని చూసి తిప్పలేక నేరుగా వెళ్ళిపోయాడు. తరవాతి మలుపులో ఇడ్లీ బండి ముందు జనం. అక్కడా తిప్పలేకపోయాడు. అలా ఊరు దాటేదాకా పోయి, మనుషులెవరూ లేనిచోట చూసి, కళ్ళు మూసుకున్నంత పని చేసి వెనక్కి తిప్పాడు. పక్కనే మేస్తున్న గేదె ఒకటి తలెత్తి చూసింది. దానికి ముఖం చూపించలేక అద్దం ఎక్కించుకున్నాడు.

సర్వీసు సెంటరులో టెక్నీషియన్ నాగూర్ వలి లాప్‌టాప్ తీసుకుని కార్లో కూర్చున్నాడు. స్టీరింగు కింద వైరు తగిలించి, "గంటలో అయిపోద్దండీ, మధ్యలో మాత్రం ఆపకూడదు" అని ఎండకు అద్దాలన్నీ బిగించి ఏసీ వేసుకున్నాడు.

వెయిటింగ్ హాల్లో గురునాథం పక్కన డాక్టర్ సంతోషకుమారి కూర్చుని ఉంది. ఆమెదీ అదే కారు.

"మీరూ ఆ సాఫ్ట్‌వేర్ కోసమేనా?" అందామె జాలిగా. "నేను పోయిన నెల వేయించానండీ. అప్పట్నుంచీ ఫ్లైఓవర్ ఎక్కమంటే నిట్టూరుస్తోంది. మైలేజీ పడిపోయింది. పాతదే మళ్ళీ వేస్తారేమోనని అడగడానికొచ్చాను."

"పాతది వేస్తే పొగో?"

"అదే కదండీ! వేస్తే పాపం, తీస్తే బండి కదలదు. నాకు నిద్ర పట్టి నెలైంది. నిద్ర మాత్రలు నేనే రాసుకుంటున్నాను."

గురునాథం ఇంకా దిగులుపడటానికి సిద్ధమవుతుండగా ఫోన్ మోగింది. ఫణిభూషణం.

"బావగారూ, అమ్మాయి చెప్పింది" అన్నాడాయన, కోర్టులో గొంతు సవరించుకున్నట్టు సవరించుకుని. "అసలు దాన్లో మీకేం లోపం కనిపించింది?"

అన్విత ఉత్తరం చూసి చెప్పేసిందన్నమాట, అనుకున్నాడు గురునాథం. సిగ్గుతో చితికిపోయాడు. "నేనే నిదానంగా చెబుదామనుకున్నానండీ బావగారూ. మీరేం బాధపడకండి. ఇందులో మీ తప్పేమీ లేదు. తయారీలోనే లోపం."



"తయారీలోనా?"

"అవునండీ. ఇలాంటివి ప్రపంచమంతా లక్షల్లో ఉన్నాయట."

"మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒక్కడు వేలెత్తి చూపలేదు!"

"ఎలా చూపుతారండీ? చూస్తున్నారని తెలిస్తే బుద్ధిగా ఉంటుంది. అదే కదా దాని టక్కు! ఏమీ కంగారు లేదు, మెదడులో ఉన్నదంతా చెరిపేసి కొత్తది ఎక్కిస్తున్నారు."

"ఎక్కిస్తున్నారా? ఏమిటి, కరెంటా?"

"కరెంటు లేందే ఎలా అవుతుందండీ?"

"బావగారూ! నేను వచ్చేదాకా దాని మీద చెయ్యి పడటానికి వీల్లేదు!"

"అప్పుడే వైర్లు తగిలించేశారు బావగారూ. మధ్యలో ఆపితే ఇక ఎందుకూ పనికిరాదట" అన్నాడు గురునాథం దీనంగా. ఫోన్ కట్టయింది. ఫణిభూషణం వెంటనే కూతురికి చేశాడు. స్విచ్ఛాఫ్. ఇంకేముంది, టాక్సీ పిలిచాడు.

ఆ తరవాత పావుగంటకు ఇంటి నుంచి భార్య సుందరి ఫోన్ చేసింది. "ఏమండీ, అన్విత బ్యాగు సర్దుకుంటోంది. అడిగితే ఏడుస్తోంది. పిల్లనేమన్నారు?"

"నేనేమంటాను సుందరీ? పుట్టింటి కారుని తప్పుబట్టానని కష్టపెట్టుకుంది కాబోలు. వాళ్ళ నాన్నకూ కోపమొచ్చింది. ఒక డబ్బా బండి కోసం కోడలు పోయేట్టుంది, వియ్యంకుడు పోయేట్టున్నాడు. నా బతుకింతే."

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే, బయట నాగూర్ వలి తుమ్మాడు. అద్దాలు బిగించి, ఏసీ వేసి, వెనక సీట్లో అయిదు కిలోల గుంటూరు మిరపకాయలతో అరగంట కూర్చున్న మనిషి తుమ్మాల్సినట్టే తుమ్మాడు. ఒకటి, రెండు, మూడు. ఏడో తుమ్ముకు మోకాలు ఎగిరి వైరుకు తగిలింది. లాప్‌టాప్ మీద అరవై రెండు దగ్గర అంకె ఆగిపోయింది.

మరో రెండు గంటలు వైర్లతో కుస్తీపట్టి, అతను కళ్ళు తుడుచుకుంటూ సంచి మోసుకొచ్చి గురునాథం పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. "సగమే ఎక్కిందండీ. ఇప్పుడు పాతదీ కాదు, కొత్తదీ కాదు. మళ్ళీ మొదలుపెట్టాలంటే కంపెనీ నుంచి పర్మిషన్ రావాలి, సోమవారం దాకా రాదు. బండి నడుస్తది. కానీ ముప్పై దాటదు."

"పొగ?" అన్నాడు గురునాథం నీరసంగా.

"ముప్పైలో ఏం పొగొస్తదండీ!"

ఆయన సంచిని మళ్ళీ కార్లో పెట్టుకుని, అది కూడా బరువే అన్నట్టు మూలుగుతున్న బండిని ఇంటికి నడిపాడు. షేర్ ఆటోలు దాటిపోయాయి. కూరగాయల బండివాడు వెనకనుంచి వచ్చి, "కొంచెం పక్కకి తీసుకోండి సార్" అని ముందుకెళ్ళాడు. గురునాథానికి కోపం కూడా రాలేదు. కోపానికి కూడా కొంచెం ఆశ ఉండాలి.

ఇంటి ముందు టాక్సీ. వరండాలో ఫణిభూషణం, కోర్టు సెలవైనా నల్లకోటు వేసుకుని. పక్కన బ్యాగుతో అన్విత. గుమ్మంలో ఏమీ అర్థంకాని సుందరి.

"ఏమండీ బావగారూ" అన్నాడు ఫణిభూషణం, "వచ్చేసరికి ఇంట్లోనే కనిపించింది గనక సరిపోయింది, నా కూతురి మెదడు చెరిపించడానికి మీరెవరండీ?"

గురునాథం కారు తాళం చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. "కూతురి మెదడా?"

"లోపం ఉందన్నారు! తయారీలోనే అన్నారు! కరెంటు పెట్టిస్తున్నామన్నారు! అదంతా ఫోన్‌లో నా చెవులారా విన్నాను!"

"దానిష్టం వచ్చినట్టు తిరుగుతోందని పొద్దున నేనూ విన్నాను మామయ్యగారూ" అంది అన్విత కళ్ళొత్తుకుంటూ. "నేను గుడికి తప్ప ఎక్కడికి తిరిగాను?"

గురునాథం జేబులో నలిగిపోయిన ఉత్తరం తీసి ఇచ్చాడు. ఫణిభూషణం ప్లీడరు గనక రెండుసార్లు చదివాడు, వెనక పేజీ కూడా తిప్పి చూశాడు. తరవాత అన్వితకిచ్చాడు. ఆమె చదివి తలెత్తింది.

"అయితే 'అది' అంటే... కారా?"

"నిన్నేనాడైనా అది అన్నానా తల్లీ?" అన్నాడు గురునాథం. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సుందరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. అన్విత ఏడుస్తూనే నవ్వేసింది. పొద్దుటి నుంచి మొదటిసారి గురునాథం గుండెల్నిండా గాలి పీల్చుకున్నాడు.

ఫణిభూషణం మాత్రం నవ్వలేదు. ఆయన ముఖం ఇంతకు ముందుకన్నా ఎర్రబడింది.

"అంటే ఇందాకట్నుంచీ టక్కులదీ, మోసగత్తె అంటున్నది నా కారునా?"

"కంపెనీవాళ్ళే రాశారు కదండీ..."

"కంపెనీకేం తెలుసండీ? ఆరేళ్ళు నా చేత్తో కడిగాను దాన్ని! డ్రైవరుని కూడా ముట్టుకోనివ్వలేదు. అమ్మాయిలో లోపం అన్నారనుకుని దారి పొడుగునా నాకు నేనే నచ్చజెప్పుకుంటూ వచ్చాను. గారాబంగా పెరిగింది, ఏదో ఉండే ఉంటుంది, కాళ్ళు పట్టుకునైనా సర్దిచెబుదాం అనుకున్నాను. కానీ నా కారునంటే మాత్రం ఊరుకునేది లేదు!"

అన్విత బ్యాగు కింద పెట్టింది.

"నన్నంటే ఊరుకునేవాడివా నాన్నా?" అంది అన్విత.

ఫణిభూషణం కోటు గుండీలు సవరించుకుంటూ కారు వైపు చూశాడు. అన్విత బ్యాగు ఎత్తుకుని లోపలికి నడిచింది. "అత్తయ్యగారూ, అన్నానికి నేనూ వస్తాను. పొద్దుట్నుంచీ ఏం తినలేదు" అన్న మాట లోపల్నుంచి వినిపించింది.

ఫణిభూషణం చెయ్యి చాపాడు. "తాళం ఇవ్వండి బావగారూ. దాని విలువ తెలియని ఇంట్లో దాన్ని ఒక్క రోజు కూడా ఉంచను."

"అది ముప్పై దాటదండీ..." గురునాథం నిజాయితీగా చెప్పబోయాడు.

"నా చేతిలో పడితే అదే దాటుతుంది!"

గురునాథం మిరపకాయల సంచి దింపుకుని తాళం ఇచ్చాడు. ఖాళీ టాక్సీ ముందు వెళ్ళి, మలుపు దగ్గర కాసేపు ఆగి చూసి, విసిగి వెళ్ళిపోయింది. అద్దంకి నుంచి వచ్చిన ఇద్దరిలో ఉంటుందనుకున్నది వెళ్ళిపోయింది, వెళ్ళిపోతుందనుకున్న పిల్ల లోపల పచ్చడి కలుపుకుంటోంది.

మధ్యాహ్నం మూడున్నరకు ఫణిభూషణం దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. చిలకలూరిపేట ఇప్పుడే దాటానని, దారి పొడుగునా చూసుకుంటూ వచ్చానని, పొగ అన్నది రవ్వంత లేదని ఆయన గర్వంగా చెప్పాడు. వెనక లారీల హారన్లు ఎంత మోగుతున్నాయంటే, ఆ మాటలు వినడానికి గురునాథం రెండో చెవి గట్టిగా మూసుకోవలసి వచ్చింది.